గ్రాహం బాండ్ ఆర్గనైజేషన్: గిటార్ లేని రెండు ఆల్బమ్‌లు

గ్రాహం బాండ్ నడిపిన గ్రాహం బాండ్ ఆర్గనైజేషన్ అనే లండన్ రిథమ్ అండ్ బ్లూస్ బృందం 1963లో మొదలై 1967 నాటికి ముగిసిపోయింది. ఆ కొద్ది కాలంలో వారు విడుదల చేసిన స్టూడియో ఆల్బమ్‌లు రెండే. ‘ది సౌండ్ ఆఫ్ 65’, ‘దేర్స్ ఎ బాండ్ బిట్వీన్ అస్’ అనే ఆ రెండూ 1965లోనే, మొదటిది మార్చి నెలలో, రెండవది సంవత్సరాంతంలో, ఈఎంఐ సంస్థకు చెందిన కొలంబియా లేబుల్ మీద వెలువడ్డాయి. ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ రెండింటినీ కలిపి వేసిన సీడీ ముద్రణను. ఇది కొనదగినదే. అయితే ఎందుకు కొనాలన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానం మాత్రం సరైనది కాదని నా అభిప్రాయం.

ఆ సమాధానం క్రీమ్ అనే రాక్ బృందం. బాండ్ బృందంలో బేస్ వాయించిన జాక్ బ్రూస్, డ్రమ్స్ వాయించిన జింజర్ బేకర్, 1966లో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌తో కలిసి క్రీమ్‌ను స్థాపించి ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. అందువల్ల ఈ ఆల్బమ్‌లను క్రీమ్ పుట్టుకకు పూర్వరంగంగా పరిచయం చేయడం ఆనవాయితీ అయింది. ఆ దృష్టితో వినేవారు మొదటి పది నిమిషాల్లోనే నిరాశ పడతారు, ఎందుకంటే వారు వెతికే ఎలక్ట్రిక్ గిటార్ ఈ రికార్డుల్లో ఎక్కడా లేదు. రోలింగ్ స్టోన్స్, యార్డ్‌బర్డ్స్ వంటి బృందాలు గిటార్‌ను ముందు నిలబెట్టుకుని లండన్ క్లబ్బులను ఏలుతున్న రోజుల్లో, బాండ్ ఆ స్థానంలో మీటలు నొక్కి వాయించే విద్యుత్ వాద్యమైన హేమండ్ ఆర్గాన్‌ను ప్రతిష్ఠించాడు. తోడుగా డిక్ హెక్‌స్టాల్-స్మిత్ టెనర్ శాక్సోఫోన్ ఉండేది. ఈ బృందం విలువ, దాని వైఫల్యం రెండూ ఆ ఒక్క నిర్ణయంలోనే ఉన్నాయి.

బాండ్ రాక్ సంగీతం నుంచి వచ్చినవాడు కాదు. 1937లో ఎసెక్స్ ప్రాంతంలోని రోమ్‌ఫర్డ్‌లో పుట్టి, బర్నార్డో అనాథ సంరక్షణ సంస్థ ద్వారా దత్తతకు వెళ్లిన అతడు, డాన్ రెండెల్ క్వింటెట్‌లో ఆల్టో శాక్సోఫోన్ వాయించి జాజ్ శ్రోతల మెప్పు పొందాడు. తరువాత అలెక్సిస్ కార్నర్ నడిపిన బ్లూస్ ఇన్‌కార్పొరేటెడ్ బృందంలో చేరి, 1963లో అక్కడి నుంచి బ్రూస్‌నూ బేకర్‌నూ వెంటబెట్టుకుని బయటికి వచ్చాడు. తొలి నెలల్లో వీరితో కలిసి గిటార్ వాయించినవాడు జాన్ మెక్‌లాఫ్లిన్. శక్తి బృందం ద్వారానూ, ఆ తరువాత రిమెంబర్ శక్తిలో మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ పక్కన కూర్చుని వాయించడం ద్వారానూ తెలుగు శ్రోతలకు బాగా పరిచయమైన ఆ మెక్‌లాఫ్లినే ఇతడు. ఆయన కోసం ఈ సీడీ కొనవద్దని ముందే చెప్పడం మంచిది. 1963 చివరికే ఆయన స్థానంలోకి హెక్‌స్టాల్-స్మిత్ వచ్చేశాడు. మెక్‌లాఫ్లిన్ వాయించిన కొన్ని పాత రికార్డింగులు 1970లో వచ్చిన ‘సాలిడ్ బాండ్’ అనే వేరే సంకలనంలో ఉన్నాయి.

రాబర్ట్ స్టిగ్‌వుడ్ నిర్మించిన ‘ది సౌండ్ ఆఫ్ 65’లో పద్నాలుగు పాటలున్నాయి. వాటిలో ‘హూచీ కూచీ మ్యాన్’, ‘గాట్ మై మోజో వర్కింగ్’ వంటివి అప్పటికే అమెరికన్ బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ గొంతులో స్థిరపడిపోయినవి, లండన్‌లో ప్రతి బృందమూ వాయించినవి. బాండ్ వాటికి కొత్తగా చేర్చినది వేగమే తప్ప మరేమీ కనిపించదు. అతడి గొంతు, పౌరాణిక నాటకంలో రాత్రంతా పద్యాలు పాడిన నటుడికి తెల్లవారుజామున మిగిలే గొంతులాంటిది. బొంగురుపోయి ఉన్నా వెనక్కి తగ్గదు. ఆ బొంగురుతనం ‘ఎర్లీ ఇన్ ద మార్నింగ్’కు నప్పింది. చివరన వచ్చే ‘టామీ’కి మాత్రం ఎంతమాత్రమూ నప్పలేదు. 1957లో డెబ్బీ రేనాల్డ్స్ సినిమా కోసం పాడిన ఆ సుతిమెత్తని ప్రేమగీతాన్ని, ఎలాగైనా హిట్ కొట్టాలన్న ఆశతో సింగిల్‌గా, అంటే వైపుకొక పాట ఉండే చిన్న రికార్డుగా కూడా, విడుదల చేశారు. హిట్ రాలేదు, ఆల్బమ్ చివర ఒక మచ్చ మాత్రం మిగిలింది.

అయినా ఈ ఆల్బమ్‌ను మూడు పాటలు నిలబెడతాయి. నల్లజాతి అమెరికన్ల భక్తిగీతమైన ‘వేడ్ ఇన్ ద వాటర్’ను బాండ్ పూర్తిగా వాద్యరచనగా మార్చి, చర్చి గాంభీర్యాన్నీ క్లబ్బు హుషారునూ ఆర్గాన్ మీద పక్కపక్కన నడిపించాడు. ఆర్గాన్‌కు తగిలించే, తిరిగే లెస్లీ స్పీకర్ వల్ల స్వరాలకు వచ్చే వణుకును అతడు ఎక్కడ పెంచాలో, ఎక్కడ అణచాలో తెలిసి వాడిన తీరు శ్రద్ధగా గమనించదగినది. ‘ట్రెయిన్ టైమ్’ బ్రూస్ సొంతం. మౌత్ ఆర్గాన్ మీద రైలు పరుగును పట్టుకుంటూ, మధ్యమధ్య పాడుతూ సాగే ఈ పాటనే అతడు తరువాత క్రీమ్ వేదికల మీదికి తీసుకువెళ్లాడు. ‘ఓ బేబీ’లో బేకర్ డ్రమ్స్ ఒంటరిగా మోగే భాగం వింటే, బ్రిటిష్ బీట్ బృందాల డ్రమ్మర్లకూ జాజ్ నేర్చిన ఇతడికీ ఉన్న దూరం తెలిసిపోతుంది.

మొదటి ఆల్బమ్‌కే పేరెక్కువ, కానీ నాకు రెండవదే మెరుగైనదిగా తోస్తుంది. ఇందులోని పన్నెండు పాటల్లో అరువు తెచ్చుకున్నవి లేకపోలేదు. రే చార్ల్స్ ‘వాట్‌డ్ ఐ సే’ను మళ్లీ పాడవలసిన అవసరం ఏమిటో నాకు అర్థం కాలేదు. అయితే జాజ్ ఆర్గాన్ వాద్యకారుడు జిమ్మీ స్మిత్ ప్రసిద్ధం చేసిన ‘హూస్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా వుల్ఫ్’తో ఆల్బమ్‌ను ఆరంభించడంలోనే తాము జాజ్ ఆర్గాన్ సంప్రదాయానికి చెందినవారమన్న ప్రకటన ఉంది. బ్రూస్ రాసి పాడిన ‘హియర్ మీ కాలింగ్ యువర్ నేమ్’లో అతడి గొంతు మొదటిసారి పూర్తిగా విచ్చుకుంది. బాండ్ రచించిన ‘వాకింగ్ ఇన్ ద పార్క్’ను నాలుగేళ్ల తరువాత కొలోసియం బృందం తన తొలి ఆల్బమ్‌లో మళ్లీ వాయించింది. అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ‘బేబీ కెన్ ఇట్ బీ ట్రూ’. ఇందులో బాండ్ మెలోట్రాన్ వాడాడు. ఒక్కో మీట కింద ఒక్కో అయస్కాంత టేపు ముక్క అమర్చి, నొక్కినప్పుడు ముందే రికార్డు చేసిన వయొలిన్ల వంటి ధ్వనులను సుమారు ఎనిమిది సెకన్ల పాటు వినిపించే ఆ యంత్రాన్ని బీటిల్స్, మూడీ బ్లూస్ 1967లో జగద్విదితం చేశారు. వారికంటే ముందే బాండ్ దానిని ఒక బ్లూస్ విలాపానికి జోడించడం సాహసమే, పైగా ఆ ప్రయోగం కేవలం వింతగా మిగిలిపోక పాటలోని దుఃఖాన్ని నిజంగానే చిక్కబరిచింది.

ఇంతటి వాద్యకారులున్నా ఒక్క పాట కూడా పెద్ద హిట్ కాలేదు. బ్రూస్‌కూ బేకర్‌కూ మధ్య వైరం ముదిరి, రెండవ ఆల్బమ్ దుకాణాలకు చేరేనాటికే బ్రూస్ బృందానికి దూరమయ్యాడు. మరుసటి ఏడాది బేకర్ కూడా వెళ్లిపోగా అతడి స్థానంలో జాన్ హైజ్‌మన్ వచ్చాడు. అదే ఏడాది ద హూ బృందానికి ఒక న్యాయవివాదం వల్ల ‘సబ్‌స్టిట్యూట్’ సింగిల్ వెనక వైపుకు పాట కరువైనప్పుడు, ‘వాల్ట్జ్ ఫర్ ఎ పిగ్’ అనే వాద్యరచనను ‘ద హూ ఆర్కెస్ట్రా’ పేరుతో వాయించింది బాండ్ బృందమే. వారి వాయింపు ఎక్కువ ఇళ్లకు చేరింది బహుశా ఆ మారుపేరుతోనే. హెరాయిన్ వ్యసనంలోనూ తాంత్రిక విద్యల మోజులోనూ చిక్కుకున్న బాండ్, 1974 మే 8న లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ స్టేషన్‌లో రైలు కిందపడి, 36 ఏళ్ల వయసులో మరణించాడు.

ముద్రణ గురించి ఒక మాట. అసలు రికార్డులు మోనోలో, అంటే ఒకే ధ్వనిమార్గంలో, వచ్చినవే కాబట్టి స్టీరియో విస్తృతిని ఆశించకూడదు. కొన్ని చోట్ల ఆర్గాన్, శాక్సోఫోన్ ఒకదాని మీద ఒకటి పడి బేస్ వినపడకుండా పోతుంది. హెడ్‌ఫోన్ల కంటే గదిలో స్పీకర్ల మీద కాస్త గట్టిగా పెట్టి వింటే ఈ సంగీతం తేటపడుతుంది. పాత ఎల్‌పీల కోసం వెతికి ఎక్కువ ధర పెట్టడం సేకరణకర్తలకు తప్ప ఇతరులకు అనవసరం. హేమండ్ ఆర్గాన్ ధ్వని నచ్చనివారికి ఇరవై ఆరు పాటలు వరుసగా వినడం కష్టమే. వారు ‘వేడ్ ఇన్ ద వాటర్’, ‘బేబీ కెన్ ఇట్ బీ ట్రూ’ రెండూ విని చూసి, ఆ తరువాతే కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.