సెకండ్ హ్యాండ్ హోమ్‌బిల్ట్ విమానం కొంటున్నారా? పొద్దున్నే చూపించే డెమో ఫ్లైట్ నమ్మి డబ్బు కట్టకండి

అమెరికాలో పైలట్ లైసెన్స్ తెచ్చుకుని సొంత విమానం కోసం వెతుకుతున్న తెలుగువాళ్లకి ఇది రాస్తున్నాను. ఫ్యాక్టరీలో తయారైన కొత్త సెస్నా ధర చూసి భయపడి, ఎవరో గరాజ్‌లో కట్టుకున్న రెండు సీట్ల విమానాన్ని చవగ్గా కొందామనుకునేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. మా విషయంలో డబ్బుతో పోలేదు, ప్రాణాల మీదికి వచ్చింది.

మాకు అమ్మినాయన దాన్ని కట్టినాయన కాదు, రెండో ఓనరు. "ఇందులో దేశమంతా తిరిగాను, ఎంత గాలి ఉన్నా కదలకుండా పోతుంది" అని ఒకటికి పదిసార్లు చెప్పాడు. డెమో ఫ్లైట్ పొద్దున ఏడింటికి పెట్టాడు. మధ్యాహ్నం ఎగురుదామని అడిగితే పని ఉందన్నాడు. ఎండెక్కని టెక్సస్ గాలిలో ఏ విమానమైనా నున్నగానే పోతుంది. ప్రీబై ఇన్‌స్పెక్షన్ (కొనేముందు మెకానిక్‌తో చేయించే తనిఖీ) కూడా చేయించాం. మెకానిక్ సిలిండర్ల కంప్రెషన్ చూశాడు, ఆయిల్ చూశాడు, లాగ్‌బుక్ చూశాడు, బాగుందన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఫ్యాక్టరీ విమానానికైతే తయారీదారు మాన్యువల్ ఉంటుంది, దానితో పోల్చి చూస్తారు. హోమ్‌బిల్ట్‌కి అలాంటి ఆమోదించిన కొలత ఏదీ ఉండదు, ప్రతి విమానమూ కట్టినవాడి చేతి పనే.

దాన్ని మొదటిసారి దూరం తీసుకెళ్లింది డాలస్ నుంచి ఎల్ పాసో వైపు, ఏప్రిల్‌లో. మిడ్‌లాండ్ దాటాక ఎండ ముదిరి, పడమటి గాలితో కలిసి కుదుపులు మొదలయ్యాయి. వాతావరణ రిపోర్టుల్లో ఉన్నది ఓ మోస్తరు టర్బులెన్సే. అదే దారిలో ముందు వెళ్లిన సెస్నా పైలట్ కూడా రేడియోలో అదే చెప్పాడు. మా విమానం మాత్రం ముక్కు ఎత్తుతూ దించుతూ ఒక్క క్షణం నిలకడగా లేదు. విమానాన్ని నడిపే స్టిక్ రెండు వేళ్లతో తాకితే చాలు, ఎటో పోతోంది. ఒక పెద్ద కుదుపుకి పక్కన కూర్చున్న మా బావమరిది తల క్యానపీకి (పైన కప్పే అద్దం మూతకి) ఠంగున కొట్టుకుంది. ఆయన నడుము బెల్టు బిగించే ఉంది. భుజాల పట్టీల్ని వెనక ఫ్రేమ్‌కి కట్టిన కేబుల్ మాత్రం వదులుగా ఉంది, పట్టీ లాగితే దానితోపాటు అదీ ముందుకు వస్తోంది. మెత్తగా ఉండాలని ఎవరో సీటు ఫోమ్ కూడా మందంగా వేయించారు, దాంతో తలకి, అద్దానికి మధ్య నాలుగు వేళ్ల ఎడం కూడా మిగల్లేదు.

ఆ తర్వాత కాసేపటికి ఫ్యూయల్ ప్రెజర్ పడిపోయి ఇంజిన్ తడబడింది. బూస్ట్ పంప్ (ఇంధనం తోసే అదనపు పంప్) వేసి రెండో ట్యాంకుకి మార్చాక అందుకుంది. పెకోస్‌లో దిగిపోయాం. ముందున్న గ్వాడలూప్ కొండల దాకా వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా మనసు రావడం లేదు. అక్కడి కనుమలో గాలి మామూలు రోజుల్లోనే గట్టిగా ఉంటుంది.

పెకోస్‌లో మెకానిక్ ఫ్యూయల్ ఫిల్టర్ విప్పితే జాలీ నిండా తెల్లటి పొరలు, ఉల్లిపొట్టులా అతుక్కుని ఉన్నాయి. పాత రోజుల్లో కొందరు బిల్డర్లు రెక్కల్లోని ట్యాంకులు కారకుండా లోపల ఒక ద్రవం పోసి, అటూ ఇటూ తిప్పి పూత పట్టించేవారు. ఏళ్లు గడిచాక అది పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. నిశ్చలమైన గాలిలో ఎగిరినంత కాలం ఆ పెచ్చులు ట్యాంకు అడుగున పడి ఉంటాయి. కుదుపుల్లో పెట్రోల్ చిలికినట్టయి, అవన్నీ లేచి గొట్టం మూతి దగ్గరకి చేరతాయి. ట్యాంకు మూత తీసి టార్చ్ వేసి చూడండి. లోపల అల్యూమినియం కాకుండా తెల్లటి పూత కనిపిస్తే ఆ ట్యాంకులు విప్పి శుభ్రం చేయించే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

స్టిక్ ఎందుకలా తేలిపోయిందో ఇంటికి తెచ్చి తూకం వేశాకే తెలిసింది. ఖాళీ బరువు కాగితాల మీద ఉన్నదానికంటే 60 పౌండ్లు ఎక్కువ. బ్యాటరీని ముందు నుంచి సీట్ల వెనక్కి మార్చారు, ఆటోపైలట్ పెట్టారు, మళ్లీ రంగు వేయించారు. తూకం మాత్రం కట్టినప్పటిదే ఉంచేశారు. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు ఎక్కితే గురుత్వ కేంద్రం వెనక హద్దు దాటిపోతోంది. గురుత్వ కేంద్రం ఎంత వెనక్కి జరిగితే విమానం తనంతట తాను సర్దుకునే గుణం అంత తగ్గుతుంది. ప్రశాంతమైన గాలిలో అది "భలే తేలిగ్గా తిరుగుతోందే" అనిపిస్తుంది. కుదుపుల్లో అదే చేతికి చిక్కదు. అమ్మేవాళ్లు కొత్తగా తూచిన కాగితం చూపించకపోతే మీరే తూయించండి. మూడు చక్రాల కింద మూడు తూకాలు పెడితే చాలు, ఒక పూట పని.

ఇంతకంటే నన్ను కలవరపెట్టింది వేగం చూపించే ఎయిర్‌స్పీడ్ మీటర్. గాలి కుదుపు విసురు వేగంతో పాటు పెరుగుతుంది, రెక్క చదరపు అడుగు మోసే బరువు తక్కువైన కొద్దీ కూడా పెరుగుతుంది. బోయింగ్ 737-800 నిండా ఎక్కితే చదరపు అడుగుకి సుమారు 130 పౌండ్లు మోస్తుంది. ఆర్‌వీ-9 లాంటి హోమ్‌బిల్ట్ మోసేది 14, జెనిత్ సీహెచ్ 701 అయితే 9. అందుకే అదే గాలి వాళ్లకి కాఫీ కప్పు కదిలేంత, మనకి తల పగిలేంత. బరువు మన చేతిలో ఉండదు, వేగం ఉంటుంది. 160 నాట్ల (నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) నుంచి 110కి తగ్గితే అదే కుదుపు భారం దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. ఎంతకి తగ్గాలో చెప్పేది మాన్యూవరింగ్ స్పీడ్. 50 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే (రెక్క విమానాన్ని గాలిలో నిలబెట్టలేకపోయే) విమానం 4 జీల (తన బరువుకి నాలుగు రెట్ల భారం) దాకా తట్టుకునేలా కట్టి ఉంటే అది 100 నాట్లు. ఆ లోపల రెక్క విరిగే భారం రాకముందే స్టాల్ అయిపోతుంది. ఒక్కరే తేలిగ్గా వెళ్తున్నప్పుడు ఆ అంకె ఇంకా తగ్గుతుంది, పెరగదు.

ఇప్పుడు మా మీటర్ సంగతి. జీపీఎస్‌తో నాలుగు దిక్కులా ఎగిరి సరిచూస్తే అది 8 నాట్లు తక్కువ చూపిస్తోంది. విమానం పక్కన స్టాటిక్ గాలి (మీటర్ పోల్చి చూసుకునే బయటి గాలి ఒత్తిడి) తీసుకునే చోట, కిట్ (విడిభాగాల సెట్) ప్లాన్‌లో ఉబ్బెత్తు రివెట్ తల ఉండాలి. అందం కోసం ఎవరో దాన్ని చదునుగా చేసేశారు. అంటే మేం జాగ్రత్తగా వేగం తగ్గించామనుకున్నప్పుడు కూడా నిజానికి తగ్గాల్సినంత తగ్గలేదు. విమానం కట్టిన కొత్తలో ఫేజ్ 1 టెస్ట్ ఫ్లయింగ్ అని మామూలుగా 25 గంటలో 40 గంటలో చేసి, ఆ విమానం స్టాల్ వేగం, బరువు, బ్యాలెన్స్ లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. మా లాగ్‌బుక్‌లో సంతకం ఉంది, అంకెలన్నీ కిట్ బ్రోచర్‌లోవే దించేశారు. అవి రౌండ్ ఫిగర్లుగా, బ్రోచర్‌లో ఉన్నట్టే ఉంటే అనుమానించండి.

జెనిత్ సీహెచ్ 601 ఎక్స్ఎల్ చూస్తున్నవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఆ మోడల్ విమానాలు కొన్ని గాల్లోనే విరిగిపోవడంతో 2009లో ఎన్‌టీఎస్‌బీ (అమెరికాలో ప్రమాదాల్ని విచారించే సంస్థ) వాటిని నేల మీదే ఆపమని ఎఫ్‌ఏఏని (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థని) కోరింది. ఆ తర్వాత రెక్కల్ని బలపరిచి, ఎయిలరాన్లకి (విమానాన్ని పక్కకి వంచే, రెక్కల వెనక అంచున కదిలే పలకలకి) బ్యాలెన్స్ బరువులు పెట్టే మార్పులు వచ్చాయి. ఆ మార్పులు చేసినట్టు ఫొటోలు, లాగ్ ఎంట్రీ లేకపోతే ఎంత చవకైనా తీసుకోవద్దు.

నాకొక్కడికే ఇలా జరిగిందనుకోకండి. 2012లో ఎన్‌టీఎస్‌బీ హోమ్‌బిల్ట్‌ల మీద పెద్ద అధ్యయనం చేసింది. అక్కడి చిన్న విమానాల్లో ఇవి పదో వంతు కాగా, 2011లో ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో వీటి వాటా 21 శాతం. ఆ ఏడాది విచారించిన హోమ్‌బిల్ట్ ప్రమాదాల్లో సగానికి పైగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లవే.

అమ్మినాయనకి ఇవన్నీ ఫొటోలతో పంపాను. "ఉన్నది ఉన్నట్టుగా అమ్మాను, సంతకం పెట్టావు కదా" అన్నాడు. లాయర్‌ని అడిగితే ఆ సంతకం ముందు గట్టిగా నిలబడే కేసు కాదన్నాడు. కాబట్టి సంతకానికి ముందే అడ్వాన్స్ రసీదులో ఇవి రాయించుకోండి: కొత్త తూకం, మధ్యాహ్నం రెండు తర్వాత డెమో, అదే మోడల్ బాగా నడిపిన పైలట్ మీ తరఫున పక్క సీట్లో, నచ్చకపోతే అడ్వాన్స్ వాపసు. విమానం ఎన్-నంబర్ (రిజిస్ట్రేషన్ నంబర్) తెలిస్తే దాని ఫైలు కాపీ మొత్తం ఎఫ్‌ఏఏ దగ్గర చిన్న ఫీజుకే దొరుకుతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది చేతికి వచ్చేదాకా బ్యాలెన్స్ డబ్బు పంపకండి.