అలైడ్: కాసాబ్లాంకా దాటాక చల్లబడిపోయిన గూఢచారి కథ

దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ అంటే నాకు చాలా గౌరవం. అందుకే 2016లో వచ్చిన ఈ సినిమాని ఒకసారి చూసి వదిలెయ్యకుండా ఇన్నేళ్ళలో మళ్ళీ మళ్ళీ చూశాను. ప్రతిసారీ ఒకేచోట నీరసం వస్తుంది, కథ లండన్ చేరగానే.

మొదటి భాగం మాత్రం బాగుంటుంది. 1942, మొరాకోలోని కాసాబ్లాంకా. కెనడా ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌గా బ్రాడ్ పిట్, అతని భార్యగా నటించే ఫ్రెంచ్ గూఢచారి మరియాన్‌గా మారియన్ కోటియార్. జర్మన్ రాయబారిని చంపడం వాళ్ళ పని. టెన్షన్ అంతా చిన్న చిన్న విషయాల్లోంచే పుడుతుంది: ఇరుగుపొరుగు చూస్తున్నారని మేడ మీద ఆలుమగల్లా కబుర్లు, అతని ఫ్రెంచ్‌లో కెనడా యాస బయటపడుతుందేమోనన్న భయం, ఫాస్ఫేట్ పనిమీద వచ్చానన్నవాడిని జర్మన్ అధికారి 'అయితే దాని ఫార్ములా రాయి' అనడం. తను భావాలు నటించదట, నిజంగానే అనుభవిస్తుందట, అందుకే దొరకదట, మరియాన్ చెప్పే ఈ మాట ఒక్కటి చాలు సినిమా మొత్తం నడపడానికి.

(ఇక్కణ్ణుంచి కథ చెప్పేస్తున్నాను.) లండన్‌లో పెళ్ళి, పాప. తర్వాత పై అధికారులు పిలిచి, నీ భార్య అసలు మరియాన్ కాదు, ఆ పేరు పెట్టుకున్న జర్మన్ గూఢచారి కావచ్చు, నిజమని తేలితే నీ చేతులతోనే చంపాలి అంటారు. ఫోన్‌లో వచ్చిన దొంగ సమాచారాన్ని ఆమె కంటపడేలా రాసిపెట్టి, అది జర్మన్లకు చేరుతుందా అని చూడాలి, ఆ రాత్రి ఆమె పక్కనే పడుకోవాలి. ఎంత ఘోరమైన పరిస్థితి! మనల్ని ఆ ఇంట్లోనే ఉంచితే సరిపోయేది. 'కాస్ట్ అవే'లో ఒక మనిషిని దీవిలో ఒంటరిగా వదిలి, నేపథ్య సంగీతం కూడా లేకుండా మనల్ని కదలనివ్వని దర్శకుడే కదా ఈయన! ఇక్కడ మాత్రం హీరోని ఊళ్ళు తిప్పుతాడు. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌కి విమానంలో వెళ్ళి, జైల్లో తాగి పడున్న ఒకాయన్ని అడిగితే తేలేది, అసలు మరియాన్‌కి పియానో వచ్చని. వాయించమంటే ఈమె రాదని ఒప్పేసుకుంటుంది. అంత పెద్ద అనుమానం అంత తేలిగ్గా తీరిపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

అంతకన్నా బాధ, ఆమె వైపు కథ లేకపోవడం. పాపని అడ్డం పెట్టుకుని బెదిరించారని రెండు ముక్కల్లో చెప్పించేశారు. భర్త గుమ్మం దాటగానే ఆ మొహం ఎలా మారుతుందో చూపించడానికి కోటియార్ లాంటి నటి ఉంది, ట్విస్ట్ కోసం ఆమెనే దాచేశారు. పిట్ అయితే చివరి గంటంతా ఒకే మొహం.

దుస్తులకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అది న్యాయమే. చూడాలనుకుంటే కాసాబ్లాంకా భాగం కోసం చూడండి.