ముసురు పట్టిన అడవిలో ఒంటరిగా ఒక చలికాలపు రాత్రి

చలికాలంలో అడవిలో పడుకున్నానంటే ఎవరైనా ముందు మంచు గురించే అడుగుతారు. సున్నాకి దిగువన పది డిగ్రీల పొడి చలిని తట్టుకోవచ్చు కానీ, సున్నాకి మూడు నాలుగు డిగ్రీల పైన ముసురు పట్టి ఉన్న చలిని తట్టుకోవడం కష్టం. మంచు బట్టల మీద పడితే దులుపుకుంటాం. ముసురు మెడ దగ్గర, మణికట్టు దగ్గర మెల్లగా లోపలికి దిగుతుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే తడి అడవిలో ఒక్కదాన్నే రాత్రి ఉండాలనుకున్నప్పుడు, ఏ సామాను కొనాలన్న దాని కంటే ఎక్కడ పడుకోవాలన్న దాని మీదే ఎక్కువ ఆలోచించాను. తిరిగొచ్చాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

50 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు చివర్లో పగలు ఎనిమిది గంటలే ఉంటుంది. మిగతా పదహారు గంటలూ చీకటే. చెట్ల కింద అది ఇంకా ముందే పడుతుంది. మధ్యాహ్నానికల్లా చోటు చూసుకుని, వెలుతురు ఉండగానే కట్టెలు, నీళ్ళు, పడక అన్నీ సిద్ధం చేసుకోవాలి. నేను మూడు చోట్లు చూశాను.

మొదటిది వాగు పక్కన. చూడగానే అక్కడే దిగిపోవాలనిపిస్తుంది. నేల చదునుగా ఉంది, నీళ్ళు నాలుగడుగుల్లో ఉన్నాయి, గాలి తగలదు. కానీ చుట్టూ ఆల్డర్, విల్లో చెట్లు, వాటి మధ్య బొద్దుగా స్ఫాగ్నమ్ నాచు. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే కింద నీరు నిలిచి ఉన్నట్టే లెక్క. మడమతో గట్టిగా నొక్కి చూశాను. గుంటలోకి వెంటనే నీరు ఊరింది. ఇంకో సంగతి, బరువైన చల్లగాలి రాత్రిపూట పల్లంలోకి జారి అక్కడే పేరుకుంటుంది. పొగమంచు కూడా ముందు అక్కడే పడుతుంది. పైన ఎక్కడో గట్టిగా వాన కురిస్తే తెల్లారేసరికి వాగు మీ పడక దాకా రావచ్చు. ఇవన్నీ ఒక ఎత్తు, నీళ్ళ చప్పుడు ఒక ఎత్తు. ఒంటరిగా ఉన్నప్పుడు చెవులే మనకి కాపలా, ఆ హోరులో ఇంకేమీ వినబడదు. నీళ్ళు పట్టుకోవడానికి మంచి చోటు, పడుకోవడానికి కాదు.

రెండోది దట్టమైన స్ప్రూస్ చెట్ల గుంపు. లోపల నేల పొడిగా, ఆకుల పరుపులా మెత్తగా ఉంది. వాన మొదలైన మొదటి గంట అక్కడ ఒక్క చుక్క పడదు. ఆ తరువాత మాత్రం వాన వెలిసినా చెట్లు చాలాసేపు కారుతూనే ఉంటాయి. మంట వేయడానికి అది అసలు పనికిరాదు. ఆకులు కుళ్ళి పేరుకున్న ఆ నేలలో నిప్పు కిందికి దిగితే, పైకి కనబడకుండా వేళ్ళ వెంట రాజుకుంటూ పోతుంది. తడి నేలలో వేళ్ళు లోతుకి పోవు కాబట్టి పెద్దగాలికి ఈ చెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోతాయి. అప్పటికే రెండు చెట్లు అలా పడి ఉన్నాయి, వేళ్ళకి మట్టి ఇంకా అంటుకునే ఉంది. గాలి లేని రాత్రికి, మంట అక్కర్లేదనుకునే వాళ్ళకి పరవాలేదు.

మూడోది వాలు మీద బిర్చ్ చెట్ల మధ్య కాస్త మెరక. వాగుకి బాగా పైన, కొండ అంచుకి కింద. నేల కొంచెం వంపుగా ఉంది కాబట్టి నీరు నిలవదు. చల్లగాలి కిందికి జారిపోతుంది, పైనుంచి వచ్చే ఈదురుగాలి నేరుగా తగలదు. నీళ్ళకోసం దిగి ఎక్కాలి, అదొక్కటే కష్టం. అక్కడే ఉండాలనుకున్నాను, కానీ ముందు తలెత్తి పైకి చూశాను. బిర్చ్ చచ్చాక లోపల చెక్క కుళ్ళిపోయినా బెరడు దాన్ని అలాగే నిలబెట్టి ఉంచుతుంది. చూడ్డానికి గట్టిగా ఉన్న మోడు చేత్తో తోస్తే విరిగి పడొచ్చు. అలాంటివి రెండు మూడు ఉన్నాయి. వాటి ఎత్తు ఎంతో అంతకంటే దూరంగా జరిగి పడక వేసుకున్నాను.

పడక సంగతికొస్తే టెంటు, టార్ప్ (తాళ్ళతో చెట్లకి కట్టుకునే వాన పట్టా), ఊయల మంచం ఈ మూడింటి మీదా వాదనలు ఎప్పుడూ ఉండేవే. తడి అడవికి టెంటు నాకు నచ్చదు. వాన పడుతోందని మూసేస్తాం, మన ఊపిరిలోని ఆవిరి లోపలి గుడ్డ మీద నీరై కారుతుంది, తెల్లారేసరికి పైనుంచి కాకుండా లోపలినుంచి తడుస్తాం. గాలికి ఎదురుగా బయలు నేలలో పడుకోవాలంటే మాత్రం టెంటే మేలు. నేను మూడు మీటర్ల చదరపు టార్ప్ కట్టి, ఒకవైపు నేలదాకా దించి, ఇంకోవైపు తెరిచి ఉంచాను. గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు, పడుకుని కూడా అడవి కనబడుతుంది. చెట్టుకి కట్టిన తాడు వెంట వాన నీరు పాకుతూ టార్ప్ కిందికి వచ్చేస్తుంది. దానికి చిన్న ఉపాయం ఉంది. టార్ప్‌కి జానెడు ఇవతల తాడుకి ఒక నూలు దారం ముక్క కట్టి వేలాడదీస్తే చాలు, నీరు అక్కడే ఆగి దారం వెంట చుక్కచుక్కగా కింద పడిపోతుంది. హెడ్‌ల్యాంప్ వెలుతురులో ఆ దారాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ప్రతి చుక్కా ముడి దగ్గర ఒక క్షణం ఆగి, బరువెక్కి, జారిపోతోంది. తాడుకి ఇవతల పక్క పొడిగానే ఉంది.

కింద వేసుకునే మ్యాట్ విషయంలో మాత్రం రాజీ పడొద్దని గట్టిగా చెప్తాను. స్లీపింగ్ బ్యాగ్ ఎంత ఖరీదైనదైనా, మన బరువుకి నలిగిన భాగం వేడిని ఆపదు. నేలకీ మనకీ మధ్య అడ్డం మ్యాటే. ఎంత అడ్డుకుంటుందో ఆర్-వాల్యూ అనే అంకె చెప్తుంది. రెండు మ్యాట్లు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆ అంకెలు కూడుకుంటాయి. గాలి నింపే మ్యాట్ కింద ఫోమ్ మ్యాట్ వేశాను. ముల్లు గుచ్చుకుని ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందనే ధైర్యం కూడా. బ్యాగ్ మీద రాసిన ఉష్ణోగ్రతల్లో ‘కంఫర్ట్’ అన్నదే చూడండి, ‘లిమిట్’ కాదు. స్లీపింగ్ బ్యాగులకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 23537 పరీక్షలో కంఫర్ట్ అంకె సగటు స్త్రీ ఒళ్ళు వదిలేసి పడుకునేదానికి, లిమిట్ అంకె సగటు పురుషుడు ముడుచుకుని పడుకునేదానికి లెక్క కడతారు. ఆడవాళ్ళు లిమిట్ అంకె నమ్ముకుని వెళ్తే రాత్రంతా వణకాల్సిందే. బాతుల మెత్తటి ఈకలు నింపిన డౌన్ బ్యాగ్ తేలిక, వెచ్చన కూడా, కానీ తడిస్తే ఉండకట్టుకుపోయి పనిచేయదు. ఇలాంటి అడవికి బరువైనా సింథటిక్‌కే నా ఓటు.

ఇక నెగడు. ఆ అటవీ ప్రాంతంలో మంటకి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి, నేను కనుక్కునే వెళ్ళాను. నేల మీద పడి ఉన్న కట్టె ఏదీ పనికిరాదు, స్పాంజిలా నీళ్ళు పీల్చుకుని ఉంటుంది. నిలబడే ఎండిన సన్నటి మోడు కావాలి. మణికట్టు లావున్న పైన్ మోడు ఒకటి దొరికింది. పైబెరడు తడిసి నల్లగా, జారుడుగా ఉంది. మూరెడు ముక్క కోసి నిలువునా చీల్చితే లోపల లేత పసుపు రంగు చెక్క, దాన్ని చెంపకి ఆనిస్తే చల్లగా తగల్లేదు. పొడి చెక్కకి అదే గుర్తు. దాన్ని వేలి లావుకి, ఆపైన అగ్గిపుల్ల లావుకి చీల్చుకుంటూ పోవాలి. చాకుతో చెక్కితే పొరలు చుట్టలు చుట్టుకుని చివర వేలాడాలి. రాలిన బిర్చ్ బెరడులో నూనె ఉంటుంది, తడిగా ఉన్నా నల్లటి పొగతో భగ్గున అంటుకుంటుంది. తడి నేల మీద నేరుగా కాకుండా నాలుగు కట్టెలు పేర్చి వాటి మీద మంట వేశాను. ఈ పని తేలేసరికి గంటకి పైగానే పట్టింది. ఆ గంటా ఒళ్ళు వెచ్చగానే ఉంది, మంట వల్ల కాదు, పని వల్ల.

కానీ తడి అడవిలో వంటకి మంటనే నమ్ముకోకూడదు. గ్యాస్ స్టవ్ ఉండాలి, డబ్బాలో ఏముందో చూసుకుని కొనాలి. బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ దిగువనే ఆవిరవడం ఆగిపోతుంది. ఐసోబ్యూటేన్ దాదాపు మైనస్ 12 వరకు, ప్రొపేన్ మైనస్ 42 వరకు పనిచేస్తాయి. ఉత్త బ్యూటేన్ డబ్బా చలికాలానికి దండగ. మూసిన టెంటులో స్టవ్ వెలిగించడం ఎంత చలిలోనైనా వద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.

పడుకునే ముందు తడి బట్టలన్నీ విప్పేసి, సంచిలో కట్టి దాచిన పొడి ఉన్ని బట్టలు వేసుకున్నాను. ఆ జత ఏ పరిస్థితిలోనూ పగలు వాడను. వేడినీళ్ళ సీసా కాళ్ళ దగ్గర, ఫోను జేబులో ఒంటికి ఆనించి. చలికి బ్యాటరీ చప్పున దిగిపోతుంది. ఫోనుకి సిగ్నల్ లేని చోట ఉపగ్రహంతో సందేశం పంపే పరికరం ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి పెట్టిన ప్రతి రూపాయికీ విలువైనది. అది లేకపోతే కనీసం ఎక్కడ ఉంటామో, ఎప్పటికి తిరిగి రాకపోతే వెతకాలో ఇంట్లో రాసిచ్చి వెళ్ళాలి. మెడలో విజిల్ కూడా ఉంది. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదడం కొండప్రాంతాల్లో పాతకాలం నుంచి ఉన్న ప్రమాద సంకేతం.

రాత్రి భయం వేసిందా అని అడుగుతారు. మొదటి రెండు గంటలు టెన్షన్‌గానే ఉంది. ఆకు మీద పడే చుక్క అడుగుల చప్పుడులా వినిపిస్తుంది, ఎక్కడో కొమ్మ విరిగితే గుండె ఝల్లుమంటుంది. చప్పుళ్ళని ఒక్కొక్కటే గుర్తుపట్టాక అది తగ్గింది. నాకు నిజంగా భయం ఉన్నది ఇంకో దానిమీద. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకి దిగితే మాట తడబడుతుంది, ఆలోచన మందగిస్తుంది, ఆ సంగతి మనకే తెలియదు. పక్కన మనిషి ఉంటే పసిగడతారు. ఒంటరిగా ఉంటే మనల్ని మనమే పరీక్షించుకోవాలి. మెలకువ వచ్చినప్పుడల్లా బొటనవేలిని చిటికెన వేలికి తాకించి చూశాను. వేళ్ళు కొంకర్లు పోయి అది కుదరకపోతే లేచి వేడిగా ఏదైనా తాగి, తిని, కదలాలి. ఆ రాత్రి ప్రతిసారీ తేలిగ్గానే తాకాయి.

ఊయల మంచం గురించి చెప్పాలి. తడి నేలకి అసలు తగలకుండా, వాలు ఎంత వంకరగా ఉన్నా చదునుగా పడుకోవచ్చు. అయితే కింద గాలి ఆడి వీపు గడ్డకట్టుకుపోతుంది కాబట్టి దాని కిందివైపు వేలాడే ప్రత్యేకమైన బొంత తప్పనిసరి. అది దొరికితే ఇలాంటి అడవికి టార్ప్ కింద ఊయలే మొదటి స్థానం అంటాను. వచ్చే చలికాలం అదే వాలు మీద అలాగే పడుకుంటాను. ఇప్పటికైతే టార్ప్ ఇంకా ఆరుతోంది, స్లీపింగ్ బ్యాగ్‌ని సంచిలో కుక్కకుండా తలుపు మీద వేలాడదీశాను. పొడిగా ఉన్నట్టే ఉంటుంది గానీ, కాళ్ళవైపు చెయ్యిపెట్టి చూస్తే ఇంకా చెమ్మ తగులుతోంది.