డబ్బు తీసుకుని ఫైనాన్షియల్ ఎయిడ్ ఇప్పిస్తామనే వాళ్లతో జాగ్రత్త

అమెరికాలో ఎంఎస్, పీహెచ్‌డీ చదువుతున్నవాళ్లు, వచ్చే ఫాల్ సెమిస్టర్‌కి (ఆగస్టు ప్రాంతంలో మొదలయ్యేది) రాబోతున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఇప్పిస్తామన్న ఒక ఏజెన్సీకి నేను 600 డాలర్లు కట్టాను. ఆ డబ్బు పోయింది. అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటి వెంట్రుకవాసిలో తప్పింది. దాని గురించి చెప్పడానికే రాస్తున్నాను.

నేను ఎఫ్‌-1 విద్యార్థి వీసా మీద వచ్చాను. మొదటి సెమిస్టర్ ఫీజు ఇంటి దగ్గర తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్‌తో కట్టాం. రెండో సెమిస్టర్ గడువు దగ్గరపడేసరికి టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. నాన్నని మళ్లీ అడగడానికి నోరు రాలేదు. సరిగ్గా అప్పుడే స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. గ్రాడ్యుయేట్ (ఎంఎస్, పీహెచ్‌డీ) విద్యార్థులకు ఎయిడ్ గ్యారంటీ, అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పాఠాలకో పరిశోధనకో సాయం చేస్తూ జీతం, ఫీజు మాఫీ పొందే ఉద్యోగం) గ్యారంటీ, రాకపోతే డబ్బు వాపస్. ఫోన్ చేస్తే అటువైపు పెద్దాయన చక్కటి తెలుగులో మాట్లాడారు. "మన పిల్లలు ఎంతోమందికి చేసిపెట్టాం, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నారు. మన భాష వినగానే సగం నమ్మేశాను. క్రెడిట్ కార్డు తీసుకోరట, జెల్‌లో (Zelle, బ్యాంకు అకౌంటు నుంచి నేరుగా ఇంకొకరికి డబ్బు పంపే పద్ధతి) పంపమన్నారు, పంపాను. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో డిస్ప్యూట్ వేసుకునే దారి ఉండేది. జెల్‌లో మన చేత్తో మనం పంపిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టమని తర్వాత బ్యాంకువాళ్లే చెప్పారు.

మొదట ఫాఫ్సా నింపుతామన్నారు. ఫాఫ్సా అంటే అమెరికా ప్రభుత్వం ఇచ్చే స్టూడెంట్ ఎయిడ్ కోసం పెట్టుకునే దరఖాస్తు. అసలు పేరులోనే మొదటి మాట 'ఫ్రీ'. దాన్ని పెట్టుకోవడానికి ఎవరికీ ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు. ఈ సంగతి నాకప్పుడు తెలియదు. క్యాంపస్‌లో డైనింగ్ హాల్ ఉద్యోగం వల్ల నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు (ఉద్యోగానికి, పన్నులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) అప్పటికే వచ్చింది. ఆ నంబరు, స్టూడెంట్ ఎయిడ్ అకౌంటు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగారు. ఇచ్చాను. ఫోన్‌కి వచ్చిన కోడ్ కూడా చదివి చెప్పాను.

ఆ రాత్రి మనసెందుకో కీడు శంకించింది. నేనే లాగిన్ అయి చూశాను. ఫారం నింపి ఉంది, ఇంకా సబ్మిట్ చేయలేదు. పౌరసత్వం అడిగే చోట 'అమెరికా పౌరులు' అని పెట్టారు. కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు నాకు.

ఇది ఎందుకంత ప్రమాదమో చెప్తాను. ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం, రాదు. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థుల్లాంటి మరికొన్ని వర్గాల వాళ్లకు మాత్రమే అది ఉంది. అబద్ధం రాసినా దాగదు, ఆ వివరాలను సోషల్ సెక్యూరిటీ రికార్డులతో సరిచూస్తారు. కావాలని తప్పుడు సమాచారం ఇస్తే 20,000 డాలర్ల దాకా జరిమానా, జైలు, లేదా రెండూ ఉండొచ్చని సంతకం పెట్టే చోటే రాసి ఉంటుంది. ఇమిగ్రేషన్ చట్టం సంగతి ఇంకా కఠినం. పౌరసత్వం లేకుండా ఉందని చెప్పుకుని ఏదైనా లాభం పొందాలని చూస్తే, 1996లో వచ్చిన మార్పుల తర్వాత, ఆ మనిషికి ఈ దేశపు వీసా, గ్రీన్ కార్డు దారులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. మినహాయింపులు చాలా తక్కువ. ఏజెంటు నింపాడు, నాకు తెలియదు అంటే వింటారన్న భరోసా లేదు. ఫారం కింద ఉండేది మన సంతకమే.

పొద్దున్నే ఫోన్ చేసి అడిగితే ఆయన తడుముకోలేదు. "అదేం కాదు, అందరికీ అలాగే పెడతాం" అన్నారు. అందరికీ అలాగే పెడతారంటే, ఈ గ్రూపుల్లో ఉన్న మన పిల్లల్లో ఎంతమంది ఫారాలు అలా వెళ్లిపోయాయో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. ఈ పోస్టుకి అసలు కారణం అదే.

అసిస్టెంట్‌షిప్ పని ఇంకో తీరు. నా పేరుతో కొత్త ఈమెయిల్ ఒకటి తెరిచి, నా రెజ్యూమె పెట్టి, ప్రొఫెసర్లకు మెయిళ్లు పంపారు. ఎన్ని పంపారో నాకు చూపించలేదు. రెండు వారాల తర్వాత మా డిపార్ట్‌మెంట్‌లోనే ఒక ప్రొఫెసర్ క్లాసు అయ్యాక ఆగమన్నారు. నా మెయిల్ అందిందని, అదే మెయిల్ పేరు మాత్రం మార్చి మరో ఇద్దరి నుంచి కూడా వచ్చిందని చెప్పారు. అందులో నేను ఎంతో ఇష్టంగా చదివానని రాసిన పేపరు అసలు ఆయనది కాదట. ఆయన కోప్పడలేదు. "నీకు నిజంగా ఆసక్తి ఉంటే నువ్వే వచ్చి అడగొచ్చు కదా" అన్నారు. ఆ మాట నన్ను 600 డాలర్ల కంటే ఎక్కువ బాధపెట్టింది. రేపు నాకు రికమెండేషన్ లెటర్ రాయాల్సింది ఈ ప్రొఫెసర్లే.

అసిస్టెంట్‌షిప్ ఎవరూ అమ్మగలిగేది కాదు. టీచింగ్ అయితే డిపార్ట్‌మెంట్, రీసెర్చ్ అయితే ప్రొఫెసర్ దగ్గరున్న గ్రాంటు, అంతే. పీహెచ్‌డీ వాళ్లకు చాలావరకు అడ్మిషన్‌తోపాటే చెప్పేస్తారు. ఎంఎస్ వాళ్లకు తక్కువ, కానీ అస్సలు లేవని కాదు. సెమిస్టర్ మొదలయ్యే ముందు ఎవరో ఒకరు మానేస్తే గ్రేడర్ (విద్యార్థుల పేపర్లు దిద్దే పని), ల్యాబ్ పోస్టులు ఖాళీ అవుతాయి. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి ముందే చెప్పి ఉంచినవాళ్లు అప్పుడు గుర్తొస్తారు. మన డిపార్ట్‌మెంట్‌లోనే చూడాలని లేదు, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, లైబ్రరీ, హాస్టళ్లు చూసే ఆఫీసుల్లో కూడా అడగొచ్చు. ఆఫర్ వస్తే ట్యూషన్ (చదువుకు కట్టే అసలు ఫీజు) ఎంత మాఫీ అవుతుంది, ఇతర ఫీజులు, హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు అని రాతపూర్వకంగా తెలుసుకోండి. ట్యూషన్ మాఫీ అయినా మిగతా ఫీజులు మన నెత్తిన పడే చోట్లు చాలా ఉన్నాయి. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్‌-1 వాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. "రెండు పోస్టులు ఇప్పిస్తాం" అనేవాళ్లు దీని గురించి నోరెత్తరు.

తొందరపెట్టడం వీళ్ల ఇంకో ఎత్తు. "రేపటిలోగా డబ్బు కట్టి ఓకే చెప్పకపోతే ఫండింగ్ పోతుంది" అన్నారు నాతో. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ అనే యూనివర్సిటీల సంఘం వాళ్ల తీర్మానం ఒకటుంది. దానిమీద సంతకం చేసిన యూనివర్సిటీల నుంచి ఫాల్ ఫండింగ్ ఆఫర్ వచ్చిన కొత్త విద్యార్థి ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోవచ్చు. మీ యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. మా పిన్ని కూతురిని ఈ ఏజెన్సీవాళ్లే పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం) ఇప్పిస్తామని, అమ్మానాన్నల టాక్స్ కాగితాలు పంపమని అడిగారు. పెల్ గ్రాంట్ డిగ్రీ చదివేవాళ్లది, మాస్టర్స్ వాళ్లకు మామూలుగా రాదు. ఫాఫ్సాలో గ్రాడ్యుయేట్ విద్యార్థిని తల్లిదండ్రుల మీద ఆధారపడనివాళ్లుగానే లెక్కిస్తారు, కాబట్టి పెద్దవాళ్ల ఆదాయం వివరాలతో పని లేదు. మరి ఆ కాగితాలు ఎందుకడిగారు? ఇక గ్రీన్ కార్డుతో మాస్టర్స్ చేసేవాళ్లకు ప్రధానంగా ప్రభుత్వం నుంచి దొరికేది లోన్. మాస్టర్స్ వాళ్లకు డైరెక్ట్ అన్‌సబ్సిడైజ్డ్ లోన్ ఏడాదికి 20,500 డాలర్ల వరకు. చదువుకుంటున్నప్పుడే వడ్డీ పడుతుంది. మిగతా ఖర్చంతటికీ ఇచ్చే గ్రాడ్ ప్లస్ అనే ప్రభుత్వ లోన్‌ని 2025లో వచ్చిన చట్టం కొత్తవాళ్లకు 2026 జులై 1 నుంచి ఆపేసింది. పాత లెక్కలు చెప్పి "ఖర్చంతా గవర్నమెంటే ఇస్తుంది" అంటే నమ్మకండి. మీ యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ఈ ఏడాది నిబంధనలేమిటో అడగండి. అక్కడ సలహాకి డబ్బు తీసుకోరు.

నేను ఆ రోజే పాస్‌వర్డ్ మార్చాను, ఫారం సబ్మిట్ కాకుండా ఆపాను. జరిగింది జరిగినట్టు ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసులో, ఎయిడ్ ఆఫీసులో చెప్పి, మెయిల్‌లో కూడా రాసి పెట్టాను. తిడతారనుకున్నాను, కూర్చోబెట్టి నీళ్లిచ్చి విన్నారు. మోసాల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేశాను. డబ్బు వాపస్ అడిగితే ఏజెన్సీ నా నంబరు బ్లాక్ చేసింది.

మీరు ఇప్పటికే ఎవరికైనా సోషల్ సెక్యూరిటీ నంబరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే రేపటిదాకా ఆగకండి. ముందు పాస్‌వర్డ్ మార్చి, లోపల ఫారం ఉందా, సబ్మిట్ అయిందా చూడండి. అయిపోయి ఉంటే ఇంకెవరి సలహాతోనో సొంతంగా దిద్దకుండా, యూనివర్సిటీ వాళ్ల దగ్గరికి, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి వెళ్లండి. మన అప్పుల రికార్డులు ఉంచే కంపెనీలు ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్ చేసుకోండి. 2018 నుంచి దానికి ఫీజు లేదు. మీ పేరుతో ఎవరూ కొత్త అప్పు తీయకుండా అది అడ్డుపడుతుంది. ఏజెన్సీతో జరిగిన చాట్లు, డబ్బు పంపిన రసీదులు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి దాచుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు నన్ను ముందుగా అడిగింది అవే.