పెతాయావెసి పాత చర్చి: వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

ఫిన్లాండ్‌లో యువస్కులా దాకా వెళ్లినవాళ్లు ఇంకో అరపూట మిగుల్చుకుని ఈ లూథరన్ చర్చి చూసి రావాలి. యువస్కులాకు పడమరగా సుమారు 35 కిలోమీటర్లు. కారు లేకపోయినా ఫరవాలేదు, పెతాయావెసిలో రైలు ఆగుతుంది. 1763-65 మధ్య యాకో లెప్పానెన్ అనే మేస్త్రి పైన్ దుంగలతో కట్టాడు. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది.

రాగానే లోపలికి వెళ్లిపోకండి. ముందు చుట్టూ ఒకసారి తిరగండి. సిలువ ఆకారం కంటికి అందంగానే ఉంటుంది, కానీ దానికి వడ్రంగి లెక్క కూడా ఉంది. దుంగ చెట్టు కంటే పొడవుండదు కదా. పొడుగ్గా ఒకే గోడ లేపితే నడుమ ఉబ్బుతుంది. సిలువగా కడితే పన్నెండు మూలలొస్తాయి. ప్రతి మూలా గాడి కోసి దుంగల్ని ఒకదాన్లో ఒకటి బిగిస్తే గోడలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి.

లోపల తల పైకెత్తి చూడాల్సింది కప్పు. సిలువ నాలుగు చేతుల మీదా పలకలతో చేసిన కమాను కప్పులు, అవి కలిసే చోట ఎనిమిది ముఖాల గుమ్మటం. యూరప్ నగరాల్లో రాతితో కట్టిన రూపాన్ని ఊరి వడ్రంగి కొయ్యలోకి తెచ్చాడు. గోడలకు రంగు లేదు, కాలంతో పండిన కొయ్య రంగే. పుల్‌పిట్ (పాస్టరు నిలబడి ప్రసంగించే ఎత్తైన వేదిక) దగ్గర మాత్రం తీరిగ్గా ఆగండి. దాన్ని మోస్తున్న బొమ్మ, బాల యేసును భుజాన మోశాడని చెప్పుకునే సెయింట్ క్రిస్టొఫర్‌ది. లూథరన్ ఆరాధనలో ప్రసంగానికున్న పెద్దపీట ఈ చెక్కడంలో కనిపిస్తుంది. గుంటూరు లూథరన్ చర్చిల్లో పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

గంట గోపురం 1821 నాటిది, కట్టింది యాకో మనవడు ఎర్కి. 1879లో ఊళ్లో కొత్త చర్చి వచ్చాక ఈ పాత చర్చిని వదిలేశారు. దీనికి అదే మేలైంది. వాడుకలో ఉన్న చర్చిల్లో వేడి కోసం పొయ్యిలు పెట్టారు, గోడలకు రంగులేశారు, ఆర్గన్ కోసం అటకలు కోశారు. ఇక్కడ ఆ పనులేవీ జరగలేదు. గంటలూ సమాధుల తోటా మాత్రం వాడుకలోనే ఉండిపోయాయి. 1920లలో ఆస్ట్రియా కళా చరిత్రకారుడు యోసెఫ్ స్ట్రిగోవ్‌స్కీ దృష్టి దీని మీద పడ్డాక మరమ్మతులు మొదలయ్యాయి.

కొయ్య కట్టడానికి అసలు శత్రువు తడి. పైకప్పు చెక్క పెంకుల మీద పూసిన పైన్ తారు (పైన్ కొయ్య నుంచి తీసేది) ఎండి పగిలితే వాన దిగుతుంది, పెంకు అంచు నుంచి కుళ్లు పడుతుంది. ఎండ ఎక్కువ తగిలే వైపు తారు ముందు పోతుంది. రెండు వైపులా పెంకుల రంగు పోల్చి చూడండి.

ఇబ్బందులూ ఉన్నాయి. లోపల వేడి చేసే ఏర్పాటు లేదు కాబట్టి జూన్‌లో కూడా స్వెటరు ఉండాల్సిందే. మబ్బు పట్టిన రోజున కప్పు వివరాలు సరిగ్గా కనిపించవు, ఎండ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. నేల పాత పలకలది, కాళ్లు జాగ్రత్త. వేసవి దాటితే తలుపులు మూసే ఉంటాయి, ముందుగా అడిగి ఖాయం చేసుకోవాలి. శనివారాలు పెళ్లిళ్లుంటే పర్యాటకుల్ని ఆ సమయంలో రానివ్వరు, అంచేత వారం మధ్యలో వెళ్లడం మేలు.