1610 వేయాలా, 1679 వేయాలా? గ్విలిం మాటకు ఏ ముద్రణ మేలు

ఈ ఏడాదిలో ఇదే ప్రశ్న నన్ను నలుగురైదుగురు అడిగారు. ఒకరు ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇంకొకరు సంస్థానాల రాజచిహ్నాల మీద వ్యాసం రాస్తున్నారు. అడిగే తీరు వేరైనా విషయం ఒకటే. "జాన్ గ్విలిం రాసిన 'ఎ డిస్‌ప్లే ఆఫ్ హెరాల్డ్రీ' నుంచి ఒక వాక్యం తీసుకున్నానండీ. నాకు దొరికిన స్కాన్ 1679ది. పుస్తకం మొదట వచ్చింది 1610లో. ఫుట్‌నోట్‌లో ఏ ఏడాది వేయాలి?"

హెరాల్డ్రీ అంటే డాళ్ల మీద వేసుకునే వంశచిహ్నాల విద్య, దాని మీద గ్విలిం రాసిన పాత ఇంగ్లిష్ పుస్తకం ఇది. ప్రశ్న చిన్నదే. కానీ దీని దగ్గరే నేను ఒకసారి బోర్లాపడ్డాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లెక్క కోసం ముందు ముద్రణలు చూద్దాం. మధ్యలో వచ్చిన చిల్లర మళ్లీ-అచ్చులు పక్కన పెడితే 1610, 1632, 1638, 1660, 1679, 1724. గ్విలిం చనిపోయింది 1621 మే 7న. ఆయన బతికుండగా బయటికొచ్చింది మొదటిది ఒక్కటే. మిగతా ఐదూ ఆయన పోయాక వచ్చినవి. చివరిది వచ్చేసరికి ఆయన పోయి వందేళ్లు దాటింది. అయినా అన్నిటి మీదా పేరు గ్విలిందే. తంటా అంతా ఇక్కడే మొదలవుతుంది.

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పత్రికకు పంపిన వ్యాసంలో బారోనెట్లు (వంశపారంపర్యంగా వచ్చే 'సర్' హోదా ఉన్నవాళ్లు) తమ డాలు మీద వేసుకునే ఎర్ర చెయ్యి గుర్తు గురించి ఒక వాక్యం ఎత్తి రాశాను. తెల్ల నేల మీద ఎర్ర చెయ్యి, ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ ప్రాంతపు చిహ్నం. చేతిలో ఉన్నది 1679 ముద్రణ స్కాన్. అసలు పుస్తకం 1610ది కదా, పాత ఏడాది వేస్తే ఫుట్‌నోట్‌కు కాస్త బరువు వస్తుందనుకుని "గ్విలిం, 1610" అని వేసేశాను. వ్యాసం చదివిన సమీక్షకుడు పక్కన ఒక్క ముక్క రాసి తిప్పి పంపాడు: "బారోనెట్ హోదాను మొదటి జేమ్స్ రాజు పెట్టిందే 1611 మే నెలలో. 1610 పుస్తకానికి ముందే ఎలా తెలిసింది?"

తల కొట్టేసినట్టయింది. హోదా కావాలన్నవాడు అల్‌స్టర్‌లో 30 మంది సైనికులను మూడేళ్లు పోషించేంత డబ్బు కట్టాలన్న సంగతి నాకు తెలుసు. అది 1611 నాటిదనీ తెలుసు. తెలిసిన రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే. వెతికితే తేలిందేమిటంటే, 1679 ముద్రణకు కెప్టెన్ జాన్ లోగన్ అనే ఆయన సైనిక, పౌర గౌరవాల మీద పెద్ద గ్రంథమే జోడించాడు. పుస్తకం మధ్యలో కూడా కొత్త కుటుంబాల చిహ్నాలు బోలెడు చేరాయి. నేను గ్విలిం నోట పెట్టిన మాట గ్విలిం ఎన్నడూ అనలేదు.

మన దగ్గర దీనికి సరిగ్గా సరిపోయే పోలిక ఉంది. భాగవతం ఆరో స్కంధంలోని పద్యం చదివి "పోతన ఎంత బాగా చెప్పాడో" అంటే తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. అది ఏర్చూరి సింగన రాసింది. అయిదోది గంగన రాశాడు, చివరి రెండూ నారయ రాశాడు. అట్ట మీద పోతన భాగవతం అనే ఉంటుంది, ఆ పేరు తప్పూ కాదు. కానీ పద్యం ఎవరిదో చెప్పాల్సి వచ్చినప్పుడు అట్ట మీది పేరు సరిపోదు. అక్కడ కనీసం ఏ స్కంధం ఎవరిదో స్పష్టంగా గీత గీసి ఉంది. గ్విలిం పుస్తకంలో చేర్పులు చాలాచోట్ల అసలు పాఠంలోనే కలిసిపోయాయి. పాలల్లో నీళ్లు కలిసినట్టు.

అందుకని నా దృష్టిలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీరు ఎత్తి రాస్తున్న ఆ వాక్యం ఎప్పుడు పుట్టింది? పుస్తకం పుట్టిన తేదీ వేరు, వాక్యం పుట్టిన తేదీ వేరు. ఏడాది వాక్యానికి వేయాలి.

ఇక పోటీ నిజంగా ఉన్నది 1610కీ 1632కీ మధ్యే.

1610 వైపు వాదన తేలిక. రచయిత చూస్తుండగా అచ్చయింది. ఆయన బతికి ఉన్నాడు, తప్పుంటే తిట్టేవాడు. ఒక మాట ఇంగ్లిష్‌లో ఎప్పటి నుంచి వాడుకలో ఉందో చూసేవాళ్లకూ, "ఆ రోజుల్లో హెరాల్డ్రీని ఇలా చూసేవారు" అని రాసేవాళ్లకూ ఇదే దిక్కు. ఒక చిన్న చిక్కు ఉంది. మొదటి ముద్రణ ప్రతుల్లో కొన్నిటి మీద 1610 అనీ, కొన్నిటి మీద 1611 అనీ ఉంటుంది. దానికి టెన్షన్ అక్కర్లేదు. మీరు చూసిన ప్రతి టైటిల్ పేజీ మీద ఏది ఉంటే అదే వేయండి.

1632 వైపు వాదన ఇంకాస్త గట్టిదేమో అనిపిస్తుంది మొదట్లో. రచయితే తన జీవితకాలంలో దిద్ది, బాగా పెంచాడని టైటిల్ పేజీ మీదే అచ్చు వేశారు. డేగలతోనూ కుక్కలతోనూ వేటాడేటప్పుడు వాడే మాటలకు వివరణ కూడా ఆయనే స్వయంగా చేర్చాడని ఉంది. ఇది నిజమైతే గ్విలిం చివరిసారి ఆలోచించి ఖాయం చేసిన పాఠం 1632దే. గ్విలిం ఏమనుకున్నాడో తెలియాలంటే అదే చూడాలి. పాత పుస్తకాలు పరిష్కరించేవాళ్లలో చాలామంది రచయిత చివరి దిద్దుబాటుకే పీట వేస్తారు.

అయితే ఆ టైటిల్ పేజీని కాసేపు పట్టుకుని చూడండి. 1632 అంటే గ్విలిం పోయి పదకొండేళ్లు. "రచయితే దిద్దాడు" అంటున్నది రచయిత కాదు, పుస్తకం అమ్మేవాడు. పాత పుస్తకం ఇంట్లో ఉన్నవాడి చేత కొత్తది కొనిపించాలంటే అంతకంటే మంచి మాట ఏముంటుంది? నేను అది అబద్ధమనడం లేదు. గ్విలిం దిద్ది ఉంచిన కాగితాలు ఉండే ఉంటాయి. కానీ వేటమాటల వివరణ ఒకటి తీసుకుని చూస్తే దానికి మూడు తేదీలు తగిలించవచ్చు. 1610 అనలేం, ఎందుకంటే అది చేర్పు అని వాళ్లే చెబుతున్నారు. గ్విలిం రాసినట్టయితే 1621కి ముందే రాసి ఉండాలి. అచ్చులో కనిపించింది మాత్రం 1632. ఈ మూడిట్లో నేను చేతులతో పట్టుకోగలిగింది చివరిది ఒక్కటే. అందుకని ఫుట్‌నోట్‌లో 1632 వేసి, "రచయిత చేర్పుగా టైటిల్ పేజీ చెబుతోంది" అని ఒక ముక్క తగిలిస్తాను. ఆ భారం టైటిల్ పేజీయే మోస్తుంది.

ఇంత చెప్పాక నా మొగ్గు ఎటో మీకు తెలిసిపోయే ఉంటుంది. వాక్యం 1610లో ఉంటే 1610 నుంచే తీసుకోండి. లేకపోతేనే 1632కి వెళ్లండి. రెండిటిలోనూ ఉండి మాటలు మారి ఉంటే 1610 పాఠం పైన పెట్టి, 1632 పాఠాంతరం కింద చూపండి.

1610 మాత్రం పూర్తిగా మచ్చలేనిదా అంటే, అదీ కాదు. అసలు ఈ పుస్తకం రాసింది గ్విలిం కాదనీ, జాన్ బార్కమ్ అనే మతాచార్యుడు కుర్రతనంలో రాసి, తన వృత్తికి తగని తేలిక వ్యవహారమని గ్విలిం చేతిలో పెట్టాడనీ ఆక్స్‌ఫర్డ్ చరిత్రకారుడు ఆంథొనీ వుడ్ అదే శతాబ్దం చివర్లో రాశాడు. కాదన్నవాళ్లూ ఉన్నారు. ఆ గొడవ ఫుట్‌నోట్‌లో తేలేది కాదు. దాన్ని అలా వదిలేసి "గ్విలిం" అనే రాయండి.

మూడో దారి ఒకటుంది, పెద్దలు నడిచిన దారి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ మొదటి కూర్పు చూస్తే గ్విలిం ఉదాహరణల ముందు 1610 అని ఉంటుంది. తర్వాత విభాగం, అధ్యాయం, ఆపైన బ్రాకెట్లో 1660 అనీ పేజీ నంబరూ ఉంటాయి. అంటే పుస్తకం 1610ది, మేం చూసిన ప్రతి 1660ది అని. ఇది నిజాయితీగానే ఉంది, ఏదీ దాచలేదు. ఆ నిఘంటువుకు ఉదాహరణలు ఏరి పంపిన వలంటీర్లు తమకు ఏ ప్రతి దొరికితే అందులోంచే రాసుకున్నారు. ఇంటి నుంచి లేవకుండా స్కాన్లు తెరిచే రోజులు కావవి. కానీ చదివేవాడి కన్ను ముందుగా పడేది 1610 మీదే. 1660 ముద్రణలో ఫ్రాన్సిస్ నోవర్ అనే చిహ్నాల చిత్రకారుడి చేర్పులు ఉన్నాయి. ఆయన చేర్చిన వాక్యం గనక ఆ బుట్టలో పడితే ఆ మాట వయసు యాభై ఏళ్లు ఊరికే పెరిగిపోతుంది. అక్కడి నుంచి ఇంకో పుస్తకం, దాన్నుంచి మరొకటి ఎత్తి రాస్తాయి, బ్రాకెట్లోని 1660 దారిలో ఎక్కడో జారిపోతుంది. రెండు ఏళ్లూ వేయదలిస్తే వాక్యం 1610లో ఉందని కళ్లారా చూశాకే వేయండి. చూశాక ఇక 1660 ఎందుకన్నది వేరే మాట.

మనమూ తక్కువ తినలేదులెండి. "బ్రౌన్ 1852లో ఈ మాటకు ఇలా అర్థం చెప్పాడు" అని రాసేవాళ్లలో ఎంతమంది 1852 ప్రతి తెరిచారు? ఇంటర్నెట్‌లో మనం రోజూ వెతుక్కునేది ఆ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు 1903 ముద్రణ. వెంకటరత్నం, క్యాంప్‌బెల్, మన కందుకూరి వీరేశలింగం సవరించిన ప్రతి అది. అందులోని అర్థం బ్రౌన్‌దో వీరేశలింగానిదో పాత ప్రతి పక్కన పెట్టుకోకుండా చెప్పలేం.

మిగతా ముద్రణల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 1638 ముద్రణ చేతికందితే 1632ది కూడా అందుతుంది, అది చూడండి. 1679లో లోగన్ మాట కావాలంటే లోగన్ పేరుతోనే ఉటంకించండి. 1724ది చూడ్డానికి నిండుగా ఉంటుంది, చదవడం సులువు. పద్దెనిమిదో శతాబ్దంలో జనం గ్విలింను ఏ రూపంలో చదివారో రాసేవాళ్లకు అదే అసలు ప్రతి. సంస్థానాల మీద రాసే మిత్రుడికి కూడా దానితో పని జరిగిపోతుంది. 1877 ఢిల్లీ దర్బారు కోసం రాబర్ట్ టేలర్ గీసిన చిహ్నాల్లో డాలుకు అటూ ఇటూ నిలబడే బొమ్మల్ని ఏమంటారో చెప్పడానికి ఒక నిర్వచనం కావాలి, అంతే కదా. ఏ ముద్రణైనా ఒకటే, ఏడాది మాత్రం సరిగ్గా వేయాలి.

పేజీ నంబర్ల సంగతి. ముద్రణ మారితే పేజీ మారుతుంది. భాగవత పద్యాన్ని ఎవరూ "412వ పేజీ" అని చెప్పరు, స్కంధం, పద్యం సంఖ్య చెబుతారు. వావిళ్ల ప్రతి ఉన్నవాడికీ మరో ప్రతి ఉన్నవాడికీ దొరకాలి కదా. గ్విలిం కూడా పుస్తకాన్ని ఆరు విభాగాలు చేసి, వాటిని అధ్యాయాలుగా విడగొట్టాడు. ఇంతవరకూ ఎవరూ చేయని పద్ధతితో విద్యను సులువు చేశానని టైటిల్ పేజీ మీదే చెప్పుకున్నాడు. ఆ పద్ధతిని మనమూ వాడుకోవాలి. నేను ఇలా వేస్తాను: గ్విలిం, 1610, విభాగం 3, అధ్యాయం ఫలానా, పేజీ ఫలానా. పేజీ నా ప్రతి ఉన్నవాడి కోసం, మిగతాది అందరి కోసం.

అక్షరాలు దిద్దకండి. టైటిల్‌లో "హెరాల్డ్రీ" చివర 1610లో ఐ, ఇ ఉంటాయి, 1679కి వచ్చేసరికి వై. 1679 నుంచి ఎత్తి రాసి 1610 వేసిన వాక్యం తరచూ స్పెల్లింగ్ దగ్గరే దొరికిపోతుంది. స్కాన్ కింద యంత్రం చదివి ఇచ్చే పాఠాన్ని మాత్రం నమ్మకండి. ఆ కాలపు పొడుగు ఎస్‌ను అది ఎఫ్ అనుకుంటుంది. హెరాల్డ్రీలో నలుపును సేబుల్ అంటారు. అది చిన్న అక్షరంతో మొదలైన చోటల్లా యంత్రానికి "ఫేబుల్" అయి కూర్చుంటుంది. నల్ల సింహం కాస్తా కథల సింహమైపోతుంది. బొమ్మల మీది రంగుల్నీ నమ్మకండి. పాత ప్రతుల్లో చాలావాటికి కొన్నవాళ్లు చేత్తో రంగులు వేయించుకున్నారు. గీతల దిశను బట్టి రంగు చెప్పే పద్ధతి 1610 నాటికి ఇంకా స్థిరపడలేదు. రంగు ఏమిటో పాఠంలోని వర్ణనే చెప్పాలి.

ఇంతకీ నా వ్యాసం ఏమైందంటే, ఫుట్‌నోట్‌లో 1610 కొట్టేసి 1679 వేశాను. ఏడాది మార్చగానే, గ్విలిం కాలంలో ఎర్ర చెయ్యిని జనం ఎలా చూసేవారో ఆ వాక్యం ఆధారంగా అల్లిన ముప్పావు పేజీ మొత్తం కూలిపోయింది. అది తీసేసి పంపితే వ్యాసం వేశారు.