కంచెకు బోడార్క్ గుంజా, ఇనుప టీ-పోస్టా: ఏది మేలు?

డాలస్‌కు ఉత్తరాన, తూర్పున నేల కొన్నవాళ్లకు గట్టు మీద ఓసేజ్ ఆరెంజ్ చెట్లు ఉచితంగా దొరకొచ్చు. అక్కడివాళ్లు బోడార్క్ అంటారు. ‘విల్లు కర్ర’ అనే ఫ్రెంచి పేరు నోళ్లలో నలిగి అలా అయింది. నారింజతో చుట్టరికం లేదు, ఇది పనస, మేడి కుటుంబం. ముళ్ల తీగకు 1874లో జోసెఫ్ గ్లిడెన్ అనే అమెరికా రైతు పేటెంటు పొందకముందు ఈ చెట్ల వరసే కంచె.

మన్నికలో బోడార్క్‌దే పైచేయి. దాని చేవకు పుచ్చు పట్టదు, చెదలు అంటవు. మందు పూయకుండానే గుంజ యాభై ఏళ్లు దాటుతుంది. పాత డాలస్ ఇళ్ల కింద పునాది దిమ్మెలుగా వేసింది ఈ కర్రే. అయితే గట్టిదనమంతా చేవలోనే. బెరడు, దాని కింది పలచటి తెల్లకర్ర పాడవుతాయి, బెరడు కింద పురుగు చేరుతుంది. చలికాలంలో నరికి, బెరడు ఒలిచి పాతండి. తీగ బిగించే యూ మేకులు పచ్చి మీదే కొట్టాలి. ఎండిందంటే మేకు వంగుతుంది తప్ప దిగదు, డ్రిల్లుతో బెజ్జం వేయక తప్పదు. రంపం గొలుసు కూడా త్వరగా మొద్దుబారుతుంది. మొదలు వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది, ఆ లేత కొమ్మల ముళ్లు ట్రాక్టరు టైరును కూడా వదలవు.

టీ-పోస్టు అంటే అడ్డంగా కోస్తే T అక్షరంలా కనిపించే ఇనుప గుంజ. దాని గొప్ప వేగంలో ఉంది. గుంత అక్కర్లేదు. ఆరున్నర అడుగుల పోస్టును, దాన్ని నేలలోకి కొట్టే పోస్ట్ డ్రైవరు అనే పనిముట్టుతో రెండడుగులు దించి, పది పన్నెండు అడుగులకొకటి పెట్టుకుంటూ పోవచ్చు. వరస తిన్నగా వస్తుంది. బోడార్క్‌లో తిన్నని కర్ర దొరకడమే కష్టం. గడ్డి మంటలొచ్చినా ఇనుము కాలిపోదు. కానీ అక్కడి నేల మన నల్లరేగడి లాంటిదే, ఎండితే బీటలు వారి, తడిస్తే ఉబ్బుతుంది. ఆ కదలికకు టీ-పోస్టు ఒరుగుతుంది. తీగ లాగుడంతా పడే మూలలో అది ఒంటరిగా ఆగదు.

కాబట్టి మూలలకు, గేట్లకు బోడార్క్, మధ్యలో టీ-పోస్టు. మూల గుంజ పొడవు ఎనిమిది అడుగులు, లావు ఎనిమిది అంగుళాలు ఉండాలి. మూడడుగులకు పైగా నేలలోకి వెళ్లాలి. దాని పక్కన ఇంకో గుంజ, రెంటి మధ్య అడ్డకర్ర, ఐమూలగా మెలితిప్పిన తీగ వేయాలి. కంచె వదులవడం దాదాపు ఎప్పుడూ మూలలోనే మొదలవుతుంది. మొత్తం బోడార్క్‌తోనే వేయడం చెట్లూ తీరికా రెండూ ఉన్నవాళ్ల పని.

మిగిలిన ముక్కలు పొయ్యిలోకి. ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగుల కట్టెకు సుమారు 3.3 కోట్ల బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడి. అమెరికా కట్టెల్లో ఇంతకు మించింది దాదాపు లేదు. నిప్పురవ్వలు విపరీతంగా చిమ్ముతుంది కనుక తలుపున్న పొయ్యిలోనే, వేరే కట్టెతో కలిపి వేయాలి. రంపపు పొట్టు పారేయకండి, పటిక పట్టించిన ఉన్నికి చక్కటి పసుపు రంగు ఎక్కుతుంది.

కాయ సంగతి వేరు. ఇంట్లో మూలల్లో పెడితే సాలీళ్లు, బొద్దింకలు పోతాయంటారు. కాయలోంచి తీసి గాఢం చేసిన నూనెకు పురుగును తరిమే గుణం ప్రయోగాల్లో కనిపించింది గానీ, కాయను ఊరికే పెడితే చాలదు. కాయలోంచి కారే పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి, గ్లవ్స్ వేసుకోండి. పశువులు మేసేచోట రాలిన కాయలు ఏరేయాలి: విషం కాదు గానీ గొంతుకు అడ్డం పడతాయి. కాయలు కాసేది ఆడ చెట్టే, మేతబీడులో దాన్నే ముందు నరకండి.